పసరు: అవ్వ ‘రసం కాదు’ అని ఎందుకన్నట్టు?

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా మనసులో ఉన్న ఒక మాటను ఇవాళ ఇక్కడ పెడుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మాది ఆత్మకూరు, నల్లమల అంచున ఉన్న ఊరు. నాకు పదేళ్లప్పుడు మా నాన్న పని మీద బైర్లూటి వైపు చెంచు గూడేనికి వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్లారు. దారిలో పలుగురాయి మీద కాలు పడి మడమ పక్కన తెగింది. గూడెంలో ఒక అవ్వ నా కాలు చూసి ఏమీ అనకుండా లేచి, గుడిసె వెనక నుంచి గుప్పెడు గాయపాకు తెంపుకొచ్చింది. గడ్డిచామంతి అన్నా అదే, పిల్లలు రావణాసురుడి తలకాయ అనే మొక్క. కొంగుతో ఆకు దుమ్ము తుడిచింది. ఎడమ అరచేతిలో వేసుకుని కుడి బొటనవేలితో నలిపింది. ఆకు ముందు గరగరలాడింది, తర్వాత మెత్తబడింది, తర్వాత నల్లబడి తడి అయింది. అప్పుడు పిడికిలి బిగించి బొటనవేలు కిందికి వంచింది. చిక్కటి ఆకుపచ్చ చుక్క ఒకటి వేలి వెంబడి జారి, గోరు కొసన కాసేపు నిలబడి, గాయం మీద పడింది. భగ్గుమంది.

‘ఆకు రసం మండుతోంది అవ్వా’ అన్నాను. అవ్వ నా మొహం కూడా చూడలేదు. ‘రసం కాదు నాయనా, పసరు. రసం పండ్లకుంటాది’ అంది.

ఆ మాట అప్పుడు చెవిన పడి పోయింది. పెద్దయ్యాక, పత్రికల్లో ‘పసర మందు వికటించి’ అనే శీర్షికలు చూస్తున్నప్పుడల్లా మళ్లీ గుర్తొస్తోంది. పసరు అనగానే మనకు మోసమో మూఢత్వమో తోచేలా ఆ మాట తయారైంది. అవ్వ నోట అది అలా లేదు. ఆమెకు అది కొలతలాంటి మాట, ఇంత తేడా అని చెప్పే మాట.

చెట్టు నుంచి వచ్చే తడికి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో చూడండి. ఆకు నలిపితే వచ్చేది పసరు. పండు పిండితే రసం. జిల్లేడుకు, మర్రికి గిల్లితే కారేవి పాలు. మామిడికాయ తొడిమ దగ్గర కారేది సొన. తుమ్మకూ తపసి చెట్టుకూ గాటు పెడితే ఊరి గట్టిపడేది బంక. ఈతకూ తాటికీ కల్లు. వేరునో కరక్కాయనో రాతి మీద నీళ్లతో అరగదీస్తే గంధం. చెక్కను నీళ్లలో వేసి సగానికి మరిగిస్తే కషాయం. వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి అనం. ‘జిల్లేడు రసం’ అంటే ఎవరికైనా చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. మరి ఆకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘తులసి రసం’, ‘వేపాకు రసం’ అని ఎందుకు రాస్తున్నాం?

నాకు తోచిందేమంటే ఈ పేర్లలో నిలవ లెక్క కూడా ఉంది. బంక ఏళ్ల తరబడి ఉంటుంది, అందుకే సంతకెళ్తుంది. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిన నాటి నుంచి కొండల మీది నుంచి కొంటున్న సరుకులు చూడండి: తపసి బంక, కరక్కాయలు, చిల్లగింజలు, నరమామిడి చెక్క, తేనె. అన్నీ నిలవ ఉండేవే. ఆ జాబితాలో పసరుకు చోటు ఉండదు, ఉండలేదు కూడా. పూట గడిస్తే పులుస్తుంది, రంగు మారుతుంది. పసరు కావాలంటే మనిషి మొక్క దగ్గరికి పోవాల్సిందే, మొక్క తెలిసినవాళ్లు పక్కన ఉండాల్సిందే. కొండ మీద వైద్యం ఇన్నాళ్లు మనిషి చేతిలోనే ఉండి అంగడి సరుకు కాకపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

ఇక మాట పుట్టుక. పచ్చ, పచ్చి, పచ్చిక, పసి, పసిమి, పసుపు, పసరు అన్నీ ఒకే వేరు పిలకలు. అరవంలో పచ్చై, పసుమై కూడా ఈ ఇంటివే. పసిబిడ్డలో ఉన్న లేతదనమూ పసరులో ఉన్న పచ్చిదనమూ ఒకటే. మీ మీ వైపుల ఈ మాట ఎలా వాడతారో, అవ్వ చేసిన తేడా మీ ఊళ్లలో ఉందో లేదో చెప్పండి.

*అచ్చంపేట నుంచి ఒక మిత్రుడు:*

అన్న, మంచి మాట ఎత్తిండ్రు. మా దిక్కు కామెర్లు అనం, పస్కలు అంటం. ‘పిలగానికి పస్కలైనయ్’ అంటరు. దానికి నేల ఉసిరి దంచి పసరు తీసి మజ్జిగల కలిపి, పొద్దుగాల పరిగడుపున తాపుతరు. ఇన్నేండ్లల్ల నేను ఈ రెండు మాటలు కలిపి సూడనే లేదు. రోగం పేరు పస్కలు, మందు పేరు పసరు. ఒక్క తల్లి పిల్లలే గద! ఇంకోటి, మా అమ్రాబాద్ గుట్టల మీద చెంచులు అన్ని ఆకులకు పసరు తియ్యరు. పొడపత్రిని నమిలిపిస్తరు. అది నమిలినంక బెల్లం నోట్లె ఏసుకో, మన్ను తిన్నట్టే ఉంటది, తీపి తెల్వది. దాన్ని పసరు అంటే నవ్వుతరు.

*నా జవాబు:*

అన్నా, పస్కలు సంగతి చెప్పి పెద్ద మేలు చేశారు. మా వైపు ‘పచ్చకామెర్లు’ అంటాం. కామెర్లు సంస్కృతపు కామలా నుంచి వచ్చింది, ముందున్న పచ్చ మాత్రం మనదే. కళ్లు పసుపు రంగుకు తిరిగితే మనం పచ్చబడ్డాయి అంటాం. చెట్టూ పచ్చగానే ఉంటుంది, బంగారమూ పచ్చగానే ఉంటుంది. ఆకు రంగుకూ పసుపు రంగుకూ మన పాత తెలుగులో ఒకటే మాట చాలింది. ఆకుపచ్చ అని ముందు ఆకు తగిలించుకోవడమే ఆ రెంటినీ విడదీయడానికి. కాబట్టి పస్కలకు పసరు అన్నప్పుడు పచ్చను పచ్చతో దించడం అనే ఊహ కూడా లోపల ఉందేమో. ఇది నా ఊహే, రుజువు చూపలేను.

మందు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి వైరస్ ఉన్నవాళ్లకు నేల ఉసిరి ఇచ్చి చూసి, లాన్సెట్ అనే వైద్య పత్రికలో గొప్ప ఫలితం ప్రకటించారు, కానీ తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. మాట మీద నాకున్న ప్రేమ చూసి, రోగం వస్తే డాక్టరు దగ్గరికి పోవద్దంటున్నానని ఎవరూ అనుకోవద్దు.

పచ్చబొట్టు కూడా ఈ కుదురుదే. గుంటగలగరాకు పసరులో మసి కలిపి సూదితో పొడిచేవారు. పసరుతో పాటు మసి చర్మం కిందికి దిగి పచ్చగా నిలిచిపోతుంది. పూటకే పాడయ్యే పసరు తోడుగా దిగిన రంగు ఒళ్లు ఉన్నంతకాలం నిలిచే చోటు ఇదొక్కటే.

*హైదరాబాద్ నుంచి ఒక ఆయుర్వేద అధ్యాపకుడు:*

మీ అవ్వ చేసిన విభజన శాస్త్రంలోనూ ఉందండీ. చరకుడు మందును ఐదు రకాలుగా చేయమన్నాడు: స్వరసం, కల్కం, శృతం, శీతం, ఫాంటం. పచ్చి మొక్కను దంచి పిండితే స్వరసం, అదే పసరు. ముద్దగా నూరితే కల్కం. మరిగిస్తే శృతం, మనం కషాయం అంటున్నది అదే. రాత్రంతా చల్లటి నీళ్లలో నాననిస్తే శీతం. వేడి నీళ్లలో వేసి వడగడితే ఫాంటం. ఈ వరుసలో ముందున్నది వెనక దానికంటే బలమైనది. అంటే అన్నిటికన్నా తీవ్రమైనది పసరే. అందుకే మోతాదు తప్పితే ప్రమాదం కూడా దానితోనే ఎక్కువ. అయితే ఒక అభ్యంతరం చెప్పాలి. స్వరసం అన్న మాటలోనే రసం ఉంది కదా, తులసి రసం అంటే తప్పేమిటి?

*నా జవాబు:*

తప్పని అనలేదండీ. సంస్కృతంలో రసం చాలా పెద్ద మాట, పాదరసం నుంచి నవరసాల దాకా అన్నీ అందులో ఇముడుతాయి. తెలుగులోకి వచ్చి అది పండుకూ చెరకుకూ చింతపండు చారుకూ స్థిరపడింది. అల్లం రసం అని అందరం అంటాం, అవ్వ ఆ మాటకు కూడా ఒప్పుకునేదేమో. ఆకు దగ్గర మాత్రం మన మాట మనకుండగా పుస్తకం మాట తెచ్చుకున్నాం. మీరు చెప్పిన తీవ్రత సంగతి చూస్తే నాకు ఇంకా నమ్మకం కుదిరింది. ‘రసం’ అంటే తాగబుద్ధవుతుంది. ‘పసరు’ అనగానే చేదు, వెగటు, జాగ్రత్త అన్నీ నోటికి తెలుస్తాయి. కడుపులో ఏమీ లేకుండా వాంతి అయితే ‘పసరు కక్కాడు’ అనడం కూడా ఆ చేదు వల్లే.

గాయపాకు గురించి ఒక సంగతి ముందే రాయాల్సింది. ఆ మొక్క ఈ దేశానిది కాదు, అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చింది. కొండవాళ్ల వైద్యాన్ని పొగడాలనుకున్నప్పుడల్లా ‘అనాదిగా’ అని మొదలుపెడతాం. ఈ ఆకు విషయంలో అది నిజం కాదు. కొత్తగా మొలిచిన కలుపు మొక్కను ఎవరో నలిపి చూశారు, నెత్తురు కట్టిందని గమనించారు, పేరు పెట్టారు, పక్కవాళ్లకు చెప్పారు. అనాది అనే గొప్పకన్నా ఈ చూపే నాకు గొప్పగా అనిపిస్తుంది.

*పార్వతీపురం నుంచి ఒక ఉపాధ్యాయుడు:*

మా కొండల మీద జాతాపులు, సవరలు మందిచ్చేవాణ్ని ఎజ్జోడు అంటారండి. మంత్రగాడని అర్థమనుకునేవాణ్ని. మీ చర్చ చదివాక అనుమానం వచ్చి అడుగుతున్నాను, ఇది ఎక్కడి మాట?

*నా జవాబు:*

మాస్టారూ, వెజ్జు అని పాత తెలుగు మాట ఉంది, వైద్య శబ్దానికి తద్భవం. మాట మొదటి ‘వె’ ‘ఎ’గా పలకడం ఆ వైపు యాసలో మామూలే. వెజ్జు, ఎజ్జు, ఎజ్జోడు. మైదానంలో ఆ మాట నిఘంటువుకే పరిమితమైపోయింది, మీ కొండ మీద ఇంకా రోగుల్ని చూస్తోంది. ఎవరైనా ఎజ్జోడిని మంత్రగాడని రాస్తే, ఆయన పేరుకు అర్థం వైద్యుడని చెప్పండి.

*పాడేరు ఏజెన్సీలో పనిచేసే ఒక నర్సమ్మ:*

నేను భాష చదువుకున్నదాన్ని కాదు, ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. పన్నెండేళ్లుగా కొండ మీద ఆసుపత్రిలో ఉన్నాను. కొత్తలో జబ్బు మనిషిని తీసుకొస్తే ‘నాటు మందు ఏమైనా వాడారా?’ అని అడిగేదాన్ని. ‘లేదమ్మా’ అనేవారు. అందరూ అదే మాట. అబద్ధం చెబుతున్నారని కోపం వచ్చేది. ఒకసారి తేలు కుట్టిన పిల్లాడిని తెచ్చారు, చెయ్యంతా ఆకుపచ్చగా ఉంది. అయినా ‘లేదు’ అన్నారు. పక్కనున్న ఆయా ‘ఏ పసరేశారే?’ అని అడిగింది. వాళ్లమ్మ వెంటనే ఆకు పేరు, ఎన్నిసార్లు రాశారు, లోపలికి ఎంత తాగించారు, ఏ వేళకి, అన్నీ చెప్పేసింది. ఆవిడ దాచలేదు. నాటు అన్న మాట ఆవిడది కాదు. నేనన్నది ఆవిడకు తిట్టులా వినబడింది.

అప్పటి నుంచి నేనూ అలాగే అడుగుతున్నాను. పైన రాశారా, కట్టారా, ముక్కులో పోశారా, తాగించారా అని విడివిడిగా అడుగుతాను. ఇది మాకు ఎందుకు ముఖ్యమంటే, ఈశ్వరి తీగ లాంటివి లోపలికి తాగిస్తే కిడ్నీలు పాడవుతాయి, అది డాక్టరుగారికి ముందే తెలియాలి. పాము కరిచినప్పుడైతే పసరు కోసం పోయిన గంటే ప్రాణం తీస్తుంది, ఆ విరుగుడు సూది మా దగ్గరే ఉంటుంది. ఇప్పుడు మా ఊళ్లలో మందిచ్చే గురువు ఒకాయన పసరు వేస్తూనే, ‘పామైతే ముందు నర్సమ్మ కాడికి పోండి’ అని పంపుతున్నాడు. ఆయన్ని నేను గురువుగారూ అనే పిలుస్తాను.

*నా జవాబు:*

అమ్మా, ఇక్కడ రాయడానికి మీకన్నా తగినవాళ్లు ఎవరున్నారు? ఒక మాట పోతే ఏం పోతుందని ఎవరైనా అడిగితే ఇకమీదట మీ తేలు కుట్టిన పిల్లాడి సంగతే చెబుతాను. మీరు రాసిన నాలుగు క్రియలూ నా పుస్తకంలో ఎక్కించుకున్నాను: పసరు రాయడం, కట్టడం, పోయడం, తాగించడం.

ఒక చిన్న సందేహం మిగిలింది. పసరంతా పిండేశాక అవ్వ పిడికిట్లో మిగిలిన ఆకును పారేయలేదు. గాయం మీద పెట్టి, నా చొక్కా అంచు చింపి కట్టింది. దాన్ని ఏదో అంది, గుర్తు రావడం లేదు. చెరకులోనైతే పిప్పి అంటాం. ఆకుకు కూడా అదేనా?

*పుత్తూరు నుంచి ఒక సభ్యురాలు:*

మా ఊరి ఎముకల కట్టు పేరు వినే ఉంటారు. మా ఇళ్లల్లో పసరు తీసినాక మిగిలేది పిప్పే. తీయకుండా మొత్తంగా నూరితే అది ముద్ద. గాయానికి పిప్పి, విరుపుకు ముద్ద. మీ అవ్వ కట్టింది పిప్పి కట్టు.

*నేను:*

పిప్పి కట్టు. అవునమ్మా, అదే మాట. ‘పిప్పి రాలేదాకా తడపొద్దు’ అంది.