అప్‌డేట్: మావారి పేరు మీదున్న కారుకి నా పేరున ట్యాక్స్, ఇన్సూరెన్స్ (ఇంగ్లండ్)

మావారు కొన్నాళ్ళు ఇండియాలో ఉంటారు, లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ పత్రం) కీపర్‌గా (కారు బాధ్యత ఉన్న వ్యక్తిగా) ఆయన పేరే ఉంది, ఇక్కడ కారు నడిపేది నేను, ఎలా అని అడిగాను కదా. పని అయిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ట్యాక్స్ చాలా తేలిక. లాగ్‌బుక్ మీదున్న 11 అంకెల నంబరుతో ఆన్‌లైన్‌లో నా కార్డు మీద కట్టేశాను. ఎంఓటీ (కారు రోడ్డుకి పనికొస్తుందని చూసే పరీక్ష) ఉంటే చాలు, ఇన్సూరెన్స్ కాగితం అడగలేదు.

తిప్పలన్నీ ఇన్సూరెన్స్‌తోనే. ఒక కంపెనీ, కీపర్ వేరే మనిషైతే పాలసీ ఇవ్వమంది. బ్రోకర్‌కి ఫోన్ చేయమన్న సలహానే పనిచేసింది. కీపర్ అన్నచోట 'భర్త' అని రాసి, నన్ను మెయిన్ డ్రైవర్‌గా, ఆయన్ని నేమ్డ్ డ్రైవర్‌గా (పాలసీలో పేరున్న అదనపు డ్రైవర్) పెట్టి ఇంకో కంపెనీలో ఇప్పించారు. ఆయన నో క్లెయిమ్స్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్ళకి ఇచ్చే తగ్గింపు) నాకు రాలేదు.

ప్రీమియం తగ్గుతుందని ఆయన్నే మెయిన్ డ్రైవర్‌గా చూపించమన్నారు ఒకరు. దయచేసి ఎవరూ అలా చేయకండి. దాన్ని ఫ్రంటింగ్ అంటారు, అది మోసం కిందకే వస్తుంది, యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ కొట్టేయొచ్చు.

లాగ్‌బుక్ నా పేరుకి మార్చాల్సిన అవసరం రాలేదు. మార్చి ఉంటే ట్యాక్స్ మళ్ళీ మొదటినుంచి కట్టాలి. మిగిలిన పూర్తి నెలల డబ్బు ఆయనకే వాపసు వస్తుంది.