మెక్సికో స్టార్‌ని తెస్తే లాటినో ఫ్యాన్స్ వస్తారా? అమెరికా సాకర్ లీగ్ ఎమ్మెల్లెస్ క్లబ్బులు ఏం చేయాలి?

మిడ్‌ఫీల్డ్_మామ:
టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాను. మా పక్కింటాయనది మెక్సికోలో మోంటెర్రే, అక్కడి టైగ్రెస్ క్లబ్ అంటే ప్రాణం. స్టేడియం మా వీధికి పది నిమిషాల దూరం. ఎఫ్‌సీ డాలస్ మ్యాచ్ ఉన్న శనివారం కూడా ఆయన సోఫాలో కూర్చుని మెక్సికో లీగే చూస్తాడు. ఈ దేశంలో టీవీలో ఎక్కువమంది చూసే సాకర్ లీగ్ కూడా అదేనంటారు. 1996 నుంచి ఆడుతున్న ఇక్కడి లీగ్ ఇంతమందిని ఎందుకు పట్టుకోలేకపోతోంది? నా మట్టుకు, ప్రతి క్లబ్బూ ఒక పెద్ద మెక్సికన్ ఆటగాణ్ణి తెస్తే సగం పని అయిపోతుంది. శాండియేగో 2025లో లొసానోని తెచ్చినట్టు. మీరేమంటారు?

కార్సన్_కుర్రాడు:
మామా, ఒక్క ఆటగాడేంటి, మొత్తం క్లబ్బునే తెచ్చి అతికించారు మా ఊళ్ళో. చివాస్ యూఎస్‌ఏ. 2005లో మొదలు, 2014లో మూత. గ్వాడలహారా చివాస్ ఓనర్ హోర్హే వెర్గారా వచ్చి, అదే పేరు, అవే ఎర్ర తెలుపు చారలు పెట్టి, మా ఊరి పాత క్లబ్ గెలాక్సీ ఆడే స్టేడియంలోనే కాపురం పెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో అంతమంది మెక్సికన్లున్నారు, బోర్డు పెడితే చాలు క్యూ కడతారనుకున్నాడు.

కట్టలేదు. మెక్సికోలో చివాస్‌కి బద్ధశత్రువు క్లబ్ అమెరికా. ఆ అమెరికా అభిమాని కూడా ఇక్కడే ఉన్నాడుగా! ఒక హీరో ఫ్యాన్‌ని పట్టుకొచ్చి ఇంకో హీరో కటౌట్‌కి పాలాభిషేకం చెయ్యమంటే చేస్తాడా? పోనీ అసలు చివాస్ అభిమాని వచ్చాడా అంటే, ఒరిజినల్ టీవీలో వస్తుంటే నకలు చూడ్డానికి డబ్బెందుకు పెడతాడు? పేరే ముంచింది.

గోదారి_గోలీ:
పేరు కాదు ముంచింది. నడిపినవాళ్ళు. కుర్రాడు గారు సగమే చెప్పారు. చివాస్ యూఎస్‌ఏ 2006 నుంచి 2009 వరకు వరసగా నాలుగేళ్ళు ప్లేఆఫ్స్ ఆడింది. 2007లో లీగ్‌లోని వెస్ట్ విభాగంలో టాప్. బెక్‌హామ్ దిగిన గెలాక్సీ ఆ ఏడాది ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు. తర్వాత ఆటగాళ్ళ మీద డబ్బు పెట్టకుండా ఎండగట్టారు. ఎండగడితే ఏ చెట్టైనా చస్తుంది.

కార్సన్_కుర్రాడు:
మీరే నా వాదన చెబుతున్నారండీ. టాప్‌లో ఉన్నప్పుడు కూడా జనం గెలాక్సీకే వెళ్ళారు. అంటే గెలుపు కాదు సమస్య.

గోదారి_గోలీ:
2007లో వెస్ట్ టాప్ ఎవరు? అది చెప్పండి ముందు.

కార్సన్_కుర్రాడు:
చివాసే. అయితే ఏంటి?

గోదారి_గోలీ:
అంతే. ఒప్పుకున్నారు.

బెంచ్‌మీద_బుజ్జి:
😂 పాప్‌కార్న్ తెచ్చుకున్నా

హ్యూస్టన్_పిన్ని:
పేరు ముంచుతుందా లేదా అని కొట్టుకుంటున్నారు కాబట్టి మా ఊరి కథ వినండి. 2005 చివర్లో శాన్‌హోసే నుంచి టీమ్ ఇక్కడికి మారింది. 2006 జనవరిలో పేరేం పెట్టారో తెలుసా? హ్యూస్టన్ 1836. ఊరు పుట్టిన సంవత్సరం, యూరప్ క్లబ్బుల్లా స్టైల్‌గా ఉంటుందని. కానీ టెక్సస్ మెక్సికో నుంచి విడిపోయిన ఏడాది కూడా అదే. అలమో, శాన్ జసింటో యుద్ధాలన్నీ అప్పుడే. మెక్సికన్ కుటుంబాలు ఆ అంకె వేసిన చొక్కా తొడుక్కుని స్టేడియంకి రావాలట! గొడవైంది, మార్చికల్లా డైనమో అయింది. ఆఫీసులో ఒక్క మెక్సికన్ మనిషిని అడిగున్నా ఆ పేరు బయటికొచ్చేది కాదు. కాబట్టి పేరు ముఖ్యం కాదనకండి గోలీ గారూ. ఇంతా చేసి డైనమో ఆ ఏడాదే కప్పు కొట్టింది, అది వేరే సంగతి.

నైరుతి_వింగర్:
పేర్లు తర్వాత, పార్కింగ్ ఎంతో చెప్పండి. నలుగురం వెళ్తే టికెట్లు, పార్కింగ్, నీళ్ళ సీసా కలిపి వారం సరుకులు వచ్చేస్తాయి.

మిడ్‌ఫీల్డ్_మామ:
టీవీ సంగతి కూడా. ఇదివరకు యూనివిజన్ వాళ్ళ ఛానెళ్ళలో స్పానిష్ కామెంటరీతో కొన్ని మ్యాచ్‌లైనా యాంటెన్నాకి వచ్చేవి. 2023లో దాదాపు అంతా ఆపిల్ టీవీకి ఇచ్చేశారు. స్పానిష్ ఉంది నిజమే, కానీ అప్పుడు సీజన్‌కి 99 డాలర్లు కట్టాలన్నారు. పక్కింటాయన వాళ్ళమ్మ ఛానెల్ తిప్పుతూ తగిలితే చూసేది. ఆ తగలడం పోయింది.

పొటోమాక్_పోరి:
అందరూ మెక్సికో మెక్సికో అంటున్నారు. మా వాషింగ్టన్ వైపు లాటినో అంటే ముందు సాల్వడోర్. తర్వాత బొలీవియా వాళ్ళూ చాలామందే. లీగ్ పుట్టినప్పుడు డీసీ యునైటెడ్‌లో ఎచ్చెవెర్రీ, మొరేనో ఇద్దరూ బొలీవియా, డియాస్ ఆర్సె సాల్వడోర్. ఎవరూ హెరిటేజ్ నైట్ అని ఒక్కో దేశం పేరుతో ఓ రాత్రి పెట్టక్కర్లేకుండానే జనం వచ్చారు. డొమినికన్లకైతే బేస్‌బాలే లోకం, వాళ్ళ కోసం సాకర్ బాజాలు వాయించి లాభం లేదు.

గోదారి_గోలీ:
పోరి గారు చెప్పింది నా మాటే. వాళ్ళ మనుషుల్ని పెట్టారు, వాళ్ళొచ్చారు. గుర్తింపు చూపిస్తే జనం వస్తారు. కుర్రాడు గారికి గుర్తింపు అన్న మాటే పడదు, ఎందుకో మరి. గెలాక్సీ సీజన్ టికెట్ ఉంది కదా, చివాస్ పోయిందని లోపల పండగేమో.

కార్సన్_కుర్రాడు:
మర్యాదగా మాట్లాడండి.

ఎందుకు పడదో చెబుతాను. ఇక్కడికి రాకముందు వేరే ఊళ్ళో ఉండేవాళ్ళం. అక్కడి ఒక క్లబ్, పేరు వద్దు, ఇండియన్ నైట్ అంది. పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. హిందీ పాటలు, చల్లారిన సమోసా, పెద్ద తెరమీద తాజ్‌మహల్. మా పాప ‘నాన్నా, ఇది మనదేనా?’ అంది. ఏం చెప్పను? అంతకు రెండు నెలల ముందు మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ గ్రూప్ టికెట్ అడుగుతూ రాసిన మెయిల్‌కి జవాబే లేదు. ఏడాదికో రాత్రి మన పేరు రాసి, మిగతా రోజులు మన మొహం చూడకపోతే దాన్ని గుర్తింపు అనరు. ఎల్ఏఎఫ్‌సీ క్లబ్‌ని చూడండి, చివాస్ పోయాక అదే ఊళ్ళో 2018లో దిగింది. ఎవరి జెండా అరువు తెచ్చుకోలేదు. మొదటి స్టార్ ఆటగాడు మెక్సికన్ వేలానే, కాదనను. కానీ ఆ నార్త్ స్టాండ్‌లో డప్పు, పాట, స్పానిష్, ఇంగ్లిష్ అన్నీ కలిపి కట్టింది ఫ్యాన్సే. (గెలాక్సీ వాణ్ణి, ఇది టైప్ చేయడానికి చేతులు రావట్లేదు.)

గోదారి_గోలీ:
మిమ్మల్ని ఒక రాత్రయినా పిలిచారు. నేను ఈ దేశానికి వచ్చి 22 ఏళ్ళు, నన్ను ఆ మాత్రం కూడా ఎవరూ పిలవలేదు. మా వాడు పదేళ్ళప్పుడు బాగా ఆడేవాడు. ఒక ప్రైవేట్ యూత్ క్లబ్ సీజన్‌కి మూడు వేల డాలర్లంది, ప్రయాణాలు అదనం. అప్పుడు నా ఉద్యోగం పోయి ఉంది. వాడితో పాటు ఆపేసిన పిల్లలిద్దరూ గ్వాటెమాలా కుటుంబాల వాళ్ళు. ఆ ముగ్గురి ఇళ్ళల్లో ఎవడైనా ఇప్పుడు టికెట్ కొంటాడా? ఎఫ్‌సీ డాలస్ అకాడమీ ఫీజు లేకుండా నేర్పించింది, ఎల్‌పాసో కుర్రాడు పెపీ పైకొచ్చాడు. నాకు చివాస్ ముఖ్యం కాదండీ. మమ్మల్ని ఎవరైనా పేరు పెట్టి పిలవాలి, అంతే.

హ్యూస్టన్_పిన్ని:
గోలీ గారూ, ఇది మొదటి పోస్టులోనే రాయొచ్చు కదా. 2007 టేబుల్ పట్టుకుని ఇంతసేపు…

కార్సన్_కుర్రాడు:
సారీ అన్నా. నాకూ ఒకటుంది. 2025 జూన్‌లో ఇక్కడ ఇమిగ్రేషన్ దాడులు జరిగినప్పుడు ఎల్ఏఎఫ్‌సీ భయపడుతున్న వాళ్ళ పక్కన ఉన్నామని ప్రకటన ఇచ్చింది. మా గెలాక్సీ నోరు మెదపలేదు. మా అభిమాన సంఘాలు నిరసనకు దిగి స్టాండ్‌కి రావడం మానేశాయి. పదేళ్ళుగా నా పక్క సీట్లో కూర్చునే సాల్వడోర్ ఆయన కూడా రాలేదు. నేను వెళ్ళాను. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాణ్ణి, నిరసన ఫోటోలో పడితే ఏమవుతుందోనని. ఖాళీ సీటు పక్కన తొంభై నిమిషాలు కూర్చుని వచ్చాను. పేర్ల గురించి ఇంత రాశాను గానీ, ఆ రోజు నేనూ క్లబ్ లాగే ఉన్నాను.

నైరుతి_వింగర్:
…పార్కింగ్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

పొటోమాక్_పోరి:
ఆయన మళ్ళీ వస్తున్నారా కుర్రాడు గారూ?

కార్సన్_కుర్రాడు:
టికెట్ రెన్యూ చేయలేదు. నేనూ ఫోన్ చేయలేదు.

మిడ్‌ఫీల్డ్_మామ:
నేను మాత్రం గోడ మీంచి పక్కింటాయన్ని అడిగేశాను. మెక్సికన్ స్టార్ వస్తే వస్తావా అంటే నవ్వాడు. శనివారం ఏడున్నరకి ఇంకా పనిలోనే ఉంటాడట, రూఫింగ్. ఆదివారం పొద్దున్న వాళ్ళ లీగ్‌లో ఆడతాడు. ఎనిమిదేళ్ళుగా అక్కడ ఆయనే గోల్‌కీపర్, నాకు ఇవాళే తెలిసింది. క్లబ్ వాళ్ళు ఎప్పుడైనా ఆ గ్రౌండ్‌కి వచ్చారా అని అడిగితే, ఒకసారి ఎవరో వచ్చి కార్ల అద్దాల మీద కాగితాలు పెట్టి వెళ్ళారన్నాడు. ఈ ఆదివారం నన్ను రమ్మన్నాడు. షూస్ లేవు.

బెంచ్‌మీద_బుజ్జి:
సైజెంత మామా?

గోదారి_గోలీ:
కుర్రాడు గారూ, ఆ ఫోన్ చెయ్యండి. 2007లో వెస్ట్ టాప్ మాత్రం చివాసే.