చిక్కడపల్లి లైబ్రరీలో సీటు దొరకదు, నవల ముట్టేవాడు లేడు: తప్పు ఫోన్‌దేనా?

పాతపుస్తకాలబండి:
మొన్న ఆదివారం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లాను. పొద్దున్నే కుర్చీలన్నీ నిండిపోయాయి, చెట్ల కింద కూడా జనమే. గ్రూప్స్‌కి, ఎస్సై పోస్టులకి చదివేవాళ్లు. పుస్తకాలు కూడా ఎవరివి వాళ్లు తెచ్చుకున్నవే. కథల బీరువా దగ్గర నేనొక్కణ్నే. ఒక నవల తీస్తే వేళ్లకి దుమ్ము అంటింది.

వాళ్లని అనడానికి నాకు మొహం లేదు లెండి. ఇంటర్‌లో ఐదొందల పేజీల నవల రెండు రాత్రుల్లో అవగొట్టినవాణ్ని. ఇప్పుడు సంక్రాంతికి కొన్న పుస్తకంలో గుర్తుగా పెట్టిన బస్ టికెట్ 62వ పేజీ దాటలేదు. ఒక పేరా చదువుతాను, చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది. అది మోగను కూడా మోగదు.

2016లో జియో వచ్చి డేటా చవకైంది. 2020లో టిక్‌టాక్ పోయి, నెల తిరక్కుండానే రీల్స్ వచ్చాయి. మన నిలకడ అక్కడే పోయిందంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

రూమ్ నంబర్ 4, అశోక్‌నగర్:
అన్నా, ఆ కుర్చీల్లో ఒకటి నాదే. మమ్మల్ని చూసి జాలిపడ్డట్టు రాశారు. రోజుకు పది గంటలు చదువుతా, రీల్స్ తీసేసి రెండేళ్లయింది. పది గంటలు కదలకుండా కూర్చునేవాడికి నిలకడ లేదంటే ఎట్లా?

కానీ ఒకటి ఒప్పుకుంటా. కథ చేతికొచ్చినా సరే, ఇందులోంచి బిట్ ఎక్కడ రావచ్చా అని నా కన్ను వెతుకుతుంది. మొన్న ఒక కథ చదువుతూ అందులో ఉన్న తేదీ కింద పెన్సిల్‌తో గీత గీశా! నోటిఫికేషన్ల వల్లే చెడిపోయా, నిజమే. కాకపోతే ఫోన్‌లో వచ్చేవి కాదు, సర్కారు ఇచ్చేవి.

సశేషం:
నాకు అరవై ఎనిమిది. మా రోజుల్లో అందరం లోతుగా చదివేశామని ఎవరు చెప్పారు బాబూ? వారపత్రిక వచ్చిన రోజు ఇంట్లో కొట్లాట. సీరియల్ నాలుగు పేజీలు ఉండేది, అదీ ముక్కలు ముక్కలుగానే. ఆ పేజీలు చింపి దాచి, అంతా అయ్యాక బైండు చేయించేవాళ్లం. ఇప్పటికీ ఒకటి నా దగ్గరుంది. కథ మొదలయ్యే పేజీ వెనక వంకాయ కూర సగం, జోకు సగం. మా అత్తగారికి ఆ పుస్తకాలంటే మంట. "ఇవి చదివే కోడళ్లు చెడిపోతున్నారు" అనేవారు, మీరిప్పుడు రీల్స్‌ని అన్నట్టే.

తేడా ఒక్కటే. సశేషం అన్నాక వారం ఆగాలి. ఆ వారమంతా బట్టలు ఆరేస్తూ, బియ్యం ఏరుతూ ఆ పిల్ల ఏమైపోతుందోనని మాట్లాడుకునేవాళ్లం. చదివింది నాలుగు పేజీలే అయినా నానేది. రీల్ అలా అవగానే ఇంకోటి నెత్తిన పడుతుంది.

తొమ్మిది-బి క్లాస్ టీచర్:
అందరూ పిల్లల్నీ ఫోన్లనీ అంటున్నారు, నాకు చిరాగ్గా ఉంది. నాలుగు పేజీల పాఠం ఇస్తే "మేడమ్, సమ్మరీ చెప్పేయండి" అంటారు, నిజమే. వాళ్లకి గైడు అలవాటు చేసింది ఎవరు? మా టైమ్‌టేబుల్లో లైబ్రరీ పీరియడ్ ఉంది, అందులో లెక్కలు చెబుతారు.

1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని కాలువ గట్టు ఊళ్లకి తీసుకెళ్లారు. ఇప్పుడు మనం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మీ ఊరి శాఖా గ్రంథాలయంలోకి చివరిసారి కొత్త నవల ఎప్పుడొచ్చిందో ఒకసారి అడిగి చూడండి. పెట్టని అన్నం తినట్లేదని పిల్లల్ని తిడితే ఎలా?

పాతపుస్తకాలబండి:
మేడమ్, పిల్లల విషయంలో మీ మాటే రైటు. నా సంగతి వేరు, ఇంట్లో బీరువా నిండా పుస్తకాలున్నాయి. పెట్టిన అన్నమే తినలేకపోతున్నా.

చదివే మెదడు మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మేరియన్ వుల్ఫ్‌కే ఈ తిప్పలు తప్పలేదు. వయసులో ఉండగా ఇష్టపడ్డ హెర్మన్ హెస్సే నవల మళ్లీ తీస్తే చదవలేకపోయానని 2018లో తన పుస్తకంలో రాసుకున్నారు. తర్వాత రోజుకు 20 నిమిషాలు పట్టుబట్టి కూర్చుంటే దారికొచ్చిందట. ఆవిడకే తప్పనప్పుడు నేనెంత!

సశేషం అమ్మా, మీ "నానడం" మాట మాత్రం నన్ను వదలట్లేదు. ఫోన్ వంటింట్లో పప్పుల డబ్బా పక్కన పెట్టి బాల్కనీలో కూర్చుంటున్నా. మొదటి రోజు రెండుసార్లు లేచి వెళ్లాను, సిగ్గులేకుండా. ఇవాళ నాలుగో రోజు, బస్ టికెట్ 81కి చేరింది.

రూమ్ నంబర్ 4 తమ్ముడూ, జాలి అనుకున్నావు గానీ అసూయ అది. ఇంతకీ నువ్వు గీత గీసిన కథ ఏది? చదువుతాను.

రూమ్ నంబర్ 4, అశోక్‌నగర్:
పేరు గుర్తులేదన్నా. తేదీ అయితే గుర్తుంది.