అప్‌డేట్: పీజో పలక వంపు లెక్కలో తప్పు దొరికింది

గత నెల నేను అడిగిన సందేహం ఇది: విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న ఇత్తడి రేకును కత్తిరించి, దాని మీద పలుచని పీజెడ్‌టీ-5ఏ (వోల్టేజీ ఇస్తే సాగే, కుంచించుకునే పీజో పింగాణీ) పలకను అతికించి వోల్టేజీ ఇస్తే, లేజర్‌తో కొలిచిన వంపులో మూడోవంతు మాత్రమే నా సమీకరణాల్లో ఎందుకు వస్తోంది?

ఇక్కడ ఒక మాస్టారు చూపిన చోటే తప్పు దొరికింది, ఆయనకు నమస్కారాలు. మందం దిశలో ప్రతిబలాన్ని (చదరపు మీటరుకు పడే లోపలి బలాన్ని) సున్నాగా తీసుకుని, పలక ఎంత గట్టిదో చెప్పే స్థితిస్థాపక గుణకాలను సవరించాను గానీ, ఆ దిశలో పలక స్వేచ్ఛగా సాగుతుంది కాబట్టి పీజో గుణకాన్ని కూడా సవరించాలన్న సంగతి మరిచాను. సవరిస్తే ఈ-31 (మందం వెంట ఇచ్చిన విద్యుత్ క్షేత్రం పలక పొడవు దిశలో ఎంత ప్రతిబలం పుట్టిస్తుందో చెప్పే పీజో గుణకం) విలువ సుమారు −5.4 నుంచి −16.1 కూలుంబులు/చదరపు మీటరుకు చేరుతుంది. ఇప్పుడు లెక్కా కొలతా దగ్గరగా ఉన్నాయి.

ఈ క్రమంలో మరొకటి తెలిసింది. వంగే పలకలో వికృతి (పొడవులో వచ్చే మార్పు నిష్పత్తి) మందం వెంట సరళరేఖలా మారుతుంది కనుక, విద్యుత్ పొటెన్షియల్‌ను కూడా సరళరేఖగానే ఊహిస్తే, రెండు ఎలక్ట్రోడ్లను తీగతో కలిపినప్పుడు లోపల విద్యుత్ క్షేత్రమే లేదని వస్తుంది. నిజానికి ఆ పొటెన్షియల్‌లో ఒక వర్గ పదం (మందం వెంట దూరపు వర్గంతో మారే భాగం) మిగిలి, పలక దృఢత్వాన్ని కొద్దిగా పెంచుతుంది. ఎంతో అందమైన విషయమిది.

వంపు తిరిగిన పలుచని పలకలో (పెంకులో) సాగుడూ వంగుడూ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఆ లెక్క ఇంకా మొదలుపెట్టలేదు.