లాయర్లకి ట్యాక్సులు, కంట్రిబ్యూషన్లు పోగా చేతికి నిజంగా ఎంత మిగులుతుంది?

అందరికీ నమస్కారం అండీ, ఒక లెక్కలో సాయం కావాలి. మా చెల్లి లా ఫర్మ్‌లో జీతానికి చేస్తోంది, ఇప్పుడు అది మానేసి సొంత ప్రాక్టీస్ పెట్టుకోవాలని చూస్తోంది, లెక్కలు వేసి చెప్పమని నన్ను అడిగింది కానీ నెట్‌లో ఎక్కడ చూసినా లాయర్లకి అంత వస్తుంది ఇంత వస్తుంది అని మొత్తం ఫీజే చెప్తున్నారు తప్ప చివరికి ఇంటికి ఎంత వస్తుందో ఎవరూ చెప్పట్లేదు.

నాకు అర్థమైనంతవరకు జీతం అయితే పెన్షన్, హెల్త్ కంట్రిబ్యూషన్లలో కొంత యజమానే కడతాడు, సొంతం అయితే ఆ భాగం కూడా చాలాచోట్ల మనమే కట్టుకోవాలి. ఉదాహరణకి అమెరికాలో సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్), మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్) కలిపి ఉద్యోగి జీతంలోంచి పోయేది 7.65 శాతం, సొంతంగా చేసేవాళ్ళకి 15.3 శాతం, అందులో సగం ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో తగ్గిస్తారట. అంటే ఫీజు ఎంత వచ్చిందని కాదు, ముందు ఆఫీసు అద్దె, గుమస్తా జీతం, బార్ ఫీజు, ఇన్సూరెన్స్ తీసేసి మిగిలినదాని మీద ఇవన్నీ పడతాయన్నమాట.

నాకు అసలు భయం ఏంటంటే క్లయింట్లు ఫీజు ఆలస్యంగా ఇస్తే అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది మధ్యలోనే విడతలుగా ముందే కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) గడువు మాత్రం ఆగదు కదా, అప్పుడు ఏం చేస్తారు? సొంత ప్రాక్టీస్ చేస్తున్నవాళ్ళు దయచేసి చెప్పండి, వచ్చిన ప్రతి ఫీజులో ఎంత శాతం పక్కన పెడుతున్నారు, ఇప్పటి జీతంతో సమానంగా మిగలాలంటే మా చెల్లి సుమారు ఎన్ని రెట్లు బిల్ చెయ్యాలి?