భీమవరం నుంచి ఊటీకి మకాం: పరుగు ఎలా మొదలుపెట్టాలి?

కాలవగట్టు:
వచ్చే నెల ఉద్యోగం మీద ఊటీ వెళ్తున్నానండి. ఏడాది పైనే ఉండాలి. ఇక్కడ గట్టు మీద 10 కిలోమీటర్లు గంటలో అవుతున్నాయి. ఎత్తన్నది ఎరగని కాళ్లు. వెళ్లేలోపు ఏం చేయాలి? వెళ్లాక మొదటి నెల ఎలా?

కొండదారి:
ముందు చల్లదనం సంగతండి, మోసం చేసేది అదే. మన ఉక్కపోతలోంచి వెళ్లినవాళ్లకి అక్కడ చెమట పట్టదు, ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. దాంతో మొదటి రోజే ఇక్కడి వేగం పెట్టేస్తారు. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. గాలి పీడనం మన దగ్గరున్నదాంట్లో ముప్పాతిక, ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అంతే. రెండో కిలోమీటరుకల్లా ఆయాసం వచ్చి కూర్చుంటుంది.

మొదటి 3 రోజులు నడకే. తర్వాత 20 నిమిషాలు, అదీ పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా. కిలోమీటరుకి 6 నిమిషాలు కాస్తా ఆరున్నర, ఆరుముప్పావు అయినా కంగారు పడొద్దు. నిద్ర తెగడం, గుండె దడ చాలామందికి వారంలో సర్దుకుంటాయి. ఎర్రకణాలు పెరగడానికి మాత్రం వారాలు పడుతుంది, ఒంట్లో ఇనుము తక్కువుంటే అదీ సరిగా జరగదు. అందుకే బయల్దేరేముందే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్ష చేయించుకోండి. మాత్రలు డాక్టరు చెప్తేనే. భోజనం కాగానే టీ మానండి, తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదు.

లంకదారి:
దిగుడు సంగతి కూడా చూడండి. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది గానీ తొడలు పట్టేసేది దిగేటప్పుడే. కండ సాగుతూ బరువు ఆపాలి కదా, ఆ నొప్పి రెండో రోజు తేలుతుంది. ఊటీ నుంచి కూనూరుకి దాదాపు 400 మీటర్ల దిగుడు. మొదటి వారమే ఆ రోడ్డు పట్టుకోకండి.

సాధన ఇక్కడే మొదలెట్టండి. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, రెండో మడమ కింద తాకేదాకా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. కాలికి 12 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. మోకాలు లోపలికి వాలుతుంటే ఇంకా పొట్టి మెట్టు చూసుకోండి. ఎక్కుడుకి కాలవగట్టు వాలే చాలు: కింద నుంచి పైకి 10 సార్లు, దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు. వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు. నల్లమట్టి బూటు అడుగున పెళ్లలుగా అంటుకుని, అడుగు వేసిన చోట నిలవదు. చీలమండ మెలిపడేది అక్కడే. హైవే వంతెనల ఎత్తు చూసి ఆశపడకండి, లారీలు.

కాలవగట్టు:
చాలా థాంక్సండి. చలికి బట్టలేంటి? వేసవిలో ఇంటికొస్తే ఇబ్బందేమైనా ఉంటుందా?

కొండదారి:
జనవరిలో గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టే తెల్లవారుజాములుంటాయి. పలచటి చొక్కాలు రెండు, పైన గాలి ఆపే జాకెట్. మందపాటి స్వెట్టరు చెమటకి తడిసి ఇంకా చలి పుట్టిస్తుంది. వెలుతురు రాకుండా బయటికెళ్లకండి, అడవిదున్నలు ఊళ్లోకీ వస్తాయి. కనిపిస్తే ఆగి వెనక్కి తగ్గాలి, పక్కనుంచి దూరిపోకూడదు.

మే నెలలో భీమవరం వచ్చినప్పుడు, కొండ మీద పరుగెత్తాం కదా అని వేగం పెంచకండి. వేడికి దూరంగా నాలుగు వారాలుంటే దాన్ని తట్టుకునే అలవాటు చాలావరకు పోతుంది. మొదటి వారం పొద్దు పొడవకముందే, సగం దూరం. రాగానే ఉప్పేసిన మజ్జిగ.