మరిది పిటిషన్‌కు కాలదోషం పట్టిందని కొట్టేశారు, ఇప్పుడు ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి 4 నెలలైంది. మా మరిది టెక్సాస్‌లో రాష్ట్ర జైలులో ఉన్నాడు. సొంతంగా రాసుకున్న ఫెడరల్ హెబియస్ పిటిషన్‌ను (జైల్లో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని వేసే అర్జీ) ఏడాది గడువు దాటిందని జిల్లా కోర్టు కొట్టివేసింది. ఉత్తర్వు వచ్చి 11 రోజులు. ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకుంటే చాలని ఊళ్లో మామగారు అంటున్నారు. లాయరును పెట్టుకునే స్తోమత లేదు.

—

అమ్మా, మీకు ఇంకా 19 రోజులున్నాయి. ఈ రోజే కదలండి.

మామగారు చెప్పింది మన దేశంలో సబబే. అక్కడ లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నిస్తారు. ఇక్కడ అప్పీలు గడువు 30 రోజులు, దాటితే మిగిలే దారి చాలా ఇరుకు. ఒహాయో ఖైదీ కీత్ బౌల్స్‌కు గడువు దాటాక మళ్లీ అప్పీలుకు అవకాశమిస్తూ, నిబంధన ప్రకారం 14 రోజులే ఇవ్వాల్సిన చోట జడ్జి పొరపాటున 17 రోజులిచ్చారు. ఆయన 16వ రోజున దాఖలు చేశారు. జడ్జి మాట నమ్మినా సరే, గడువు పోయినట్టేనని 2007లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. అదీ హెబియస్ కేసే. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే వాదన సంగతి తర్వాత, ముందు అప్పీలు నోటీసు. ఈసారి మీ మరిది ఫోను చేసినప్పుడు మూడు సంగతులు చెప్పి రాయించండి: అప్పీలు చేస్తున్నది ఎవరు, ఏ తీర్పు మీద, ఏ కోర్టుకు. టెక్సాస్ అయితే ఐదో సర్క్యూట్, అంటే న్యూ ఆర్లీన్స్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు. కాగితం మాత్రం న్యూ ఆర్లీన్స్‌కు కాదు, కొట్టివేసిన జిల్లా కోర్టు క్లర్కుకే పంపాలి. సంతకం ఆయనదే ఉండాలి, ఆయన బదులు మీరు పెట్టకూడదు. ఫలానా తేదీన స్టాంపు అంటించి జైలు టపాలో వేశానని, అబద్ధమైతే శిక్షార్హుడినని కింద రాయాలి. ఖైదీలకు జైలు టపాలో వేసిన తేదీయే దాఖలు తేదీ. మా తమ్ముడి నోటీసు కోర్టుకు 9 రోజులు ఆలస్యంగా చేరింది. ఆ రెండు వాక్యాలే నిలబెట్టాయి.

ఆ తర్వాత సర్టిఫికెట్ ఆఫ్ అప్పీలబిలిటీ, అంటే అప్పీలు వినడానికి కోర్టు ఇచ్చే అనుమతి కావాలి. ఉత్తర్వు చివరి పేరా చూడండి, జడ్జి అక్కడే నిరాకరించి ఉండవచ్చు. బెంగపడకండి, దాన్ని సర్క్యూట్ కోర్టును అడగవచ్చు. చాలామంది తడబడేది ఇక్కడే. విచారణలో జరిగిన అన్యాయమంతా పేజీలకు పేజీలు రాసి గడువు ఊసే ఎత్తరు. లేదా గడువు గురించే రాసి ఊరుకుంటారు. 2000లో వచ్చిన స్లాక్ తీర్పు ప్రకారం రెండూ చూపాలి: రాజ్యాంగ హక్కు భంగమైందన్న వాదనలోనూ, గడువు దాటిందన్న నిర్ణయంలోనూ చర్చకు తావుందని.

గడువు విషయంలో ముందు లెక్కే సరిచూడండి. రాష్ట్ర కోర్టులో హెబియస్ అర్జీ సక్రమంగా దాఖలై పెండింగులో ఉన్న రోజులు ఏడాదిలోకి రావు. కోర్టు లెక్క సరిగ్గానే ఉంటే, ఆసరా 2010లో హోలాండ్ అనే ఖైదీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. శ్రద్ధగా ప్రయత్నించాడని, అసాధారణమైన అడ్డంకి వచ్చిందని చూపాలి. హోలాండ్ తన లాయరుకు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. రాష్ట్ర కోర్టులో ఓడిపోయిన సంగతి ఐదు వారాల తర్వాత జైలు లైబ్రరీలో తెలిసింది. మర్నాడే సొంత పిటిషన్ టపాలో వేశాడు. లాయరు తేదీ తప్పు లెక్కపెట్టాడంటే మాత్రం సరిపోదు. మీ మరిది రాసిన ఉత్తరాలు, జైలు టపా రిజిస్టరు నకళ్లు ఉంటే ఒక్కటీ పారేయవద్దు.

అప్పీలు ఫీజు 605 డాలర్లు. కట్టలేనని అర్జీ పెట్టి, జైలు ఖాతా వివరాలు జతచేయాలి. డబ్బు కోసం నోటీసు ఆపవద్దు.

—

అక్కా, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఉత్తర్వు మీద 3వ తేదీ ఉంది, కోర్టు రికార్డులో 5 అని ఉంది. ఏది లెక్క?

—

రికార్డులోకి ఎక్కిన తేదీయే లెక్క. అయినా మీరు 3 నుంచే లెక్కపెట్టండి. ఆయన ఫోను ఎప్పుడు వస్తుంది?

—

ఈ రాత్రి 7కు.